కుడిచేతి సూది

కంకర దింపేసిన లారీ ఖాళీగా తిరిగొచ్చింది. మళ్ళీ కాటా ఎక్కించి ఖాళీ బరువు తూయాలి. డ్రైవరు బండిని గేటు దగ్గరే నిలిపి, ఇంజను ఆపకుండా కిటికీలోంచి తల బయట పెట్టాడు. మొన్నటి ఖాళీ బరువే వేసెయ్యమన్నాడు. అదే బండి, అవే చక్రాలు, ఈ రెండు రోజుల్లో తను లావెక్కింది కూడా లేదన్నాడు.

కాటా గదిలో కూర్చున్నామె చీటీల పుస్తకం మూసింది.

"బండి ఎక్కితేనే రాస్తా తమ్ముడూ."

"వెనక అయిదు బళ్ళున్నాయక్కా."

"ఆరోది కూడా వస్తోంది. ఎక్కించు."

అతను సణుక్కుంటూ ఎక్కించాడు. ఆమె బయటికొచ్చి నాలుగు మూలలా చక్రాలు గీత లోపల ఉన్నాయో లేదో చూసింది. డ్రైవర్ని దిగమంది. లోపలికెళ్ళి అంకెలు నిలబడేదాకా ఆగింది. మొన్నటికంటే డెబ్బై కిలోలు తక్కువ చూపించింది.

"స్టెప్నీ ఎక్కడ పెట్టొచ్చావ్?"

పంక్చరు షాపులో వదిలేశానని అతను ఒప్పుకున్నాడు. ఆమె చీటీ రాసి చించి ఇచ్చింది. వెనక బండి వాడు నవ్వాడు. "కాటా అక్క దగ్గరా నీ వేషాలు" అన్నాడు.

పందొమ్మిదేళ్ళుగా లారీల వాళ్ళు ఆమెను అలాగే పిలుస్తున్నారు. చీటీ రాసేటప్పుడు కుడి మోచేతి లోపలి వైపు లాగుతోంది. ఆమె ఖాకీ కోటు చెయ్యి పైకి మడిచి చూసుకుంది. శనివారం స్కాన్‌కి ముందు సూది వేసిన చోటు కమిలి, అంచుల్లో పసుపు రంగుకి తిరిగింది. పెద్దపేగులో కణితి ఉంది. గురువారం ఆపరేషన్. ఈలోగా అది ఇంకెక్కడికైనా పాకిందేమో చూడటానికి ఒళ్ళంతా స్కాన్ తీశారు.

పదకొండింటికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. సర్జన్ గారు ఇవాళే రమ్మంటున్నారని, ఒంటరిగా రావద్దని చెప్పారు. ఆమె మరో రెండు బళ్ళు తూచి, కుర్చీ పొద్దుటి షిఫ్టులో రెండో మనిషికి అప్పజెప్పి, భర్త పనిచేసే లేత్ షెడ్డుకి ఫోను చేసింది.

*

సర్జన్ రిపోర్టును బల్ల మీద వాళ్ళ వైపు తిప్పి పెట్టాడు. గురువారం ఆపరేషన్ లేదని చెప్పాడు. పేగులో ఉన్నది పేగులోనే ఉంటే కోసి తీసేసేవాణ్ణన్నాడు. స్కాన్‌కి ముందు ఎక్కించిన మందు కేన్సర్ ఉన్నచోట చేరి వెలుగుతుంది. ఇప్పుడు చంకలో ఒక గ్రంథి, బిళ్ళలాంటిది, వెలుగుతోంది. పేగు నుంచి చంకకి చేరిందంటే అది ఒళ్ళంతా ప్రయాణం మొదలుపెట్టిందని లెక్క. అప్పుడిక పేగు కోసి లాభం లేదు. నలుగురు డాక్టర్లు కూర్చుని నిర్ణయించారు. వచ్చే సోమవారం నుంచి మందులు ఎక్కిస్తారు.

భర్త ప్రతి మాటకీ తలూపాడు. అతని గోళ్ళలో ఇనప రజను ఉంది. దాన్ని ఇంకో గోరుతో గీకుతూ కూర్చున్నాడు.

"కోసి ఉంటే నయమయ్యేదా?" అని ఆమె అడిగింది.

"నూటికి డెబ్బై మందికి అవుతుంది."

"మందులతో?"

సర్జన్ పెన్ను మూత పెట్టాడు. కొంతకాలం అదుపులో ఉంటుందన్నాడు. ఎంత కాలమో ఆమె అడగలేదు.

"ఏ చంక?"

"కుడి."

ఆమె కోటు చెయ్యి పైకి మడిచి మోచెయ్యి బల్ల మీద, రిపోర్టు పక్కన పెట్టింది. శనివారం స్కాన్ సెంటర్‌లో సూది ముందు ఈ చేతికే వేశారని చెప్పింది. మందు సగం ఎక్కేసరికి మంట పుట్టింది. చర్మం కింద నిమ్మకాయంత ఉబ్బింది. సూది వేసినతను గబుక్కున తీసేసి దూది నొక్కి, మిగతా మందు ఎడమ చేతికి ఎక్కించాడు. అడిగితే ఏం కాదన్నాడు.

సర్జన్ రిపోర్టు రెండో పేజీ తిప్పి చదివాడు. సూది వేసిన చెయ్యి, ఎడమ. మందు బయటికి కారిందా, లేదు.

"తప్పు రాశారు" అంది ఆమె.

అనుమానం మీద నలుగురి నిర్ణయం మార్చలేనని సర్జన్ అన్నాడు. విసుక్కోలేదు. ఇలాంటి వార్త విన్నవాళ్ళు ఏదో ఒక ఆధారం పట్టుకుంటారని, అది సహజమేనని అన్నాడు. భర్త ఆమె మోచేతిని తాకి, పోదామన్నట్టు చూశాడు. ఆమె లేవలేదు.

"ఆ బిళ్ళలో సూది గుచ్చి ముక్క తీసి చూడొచ్చు కదా?"

"చూడొచ్చు. కానీ స్కాన్ రాసినావిడకే అనుమానం లేనప్పుడు నేను గుచ్చి మందులు ఆలస్యం చెయ్యలేను."

"ఆవిడ అనుమానం ఉందని రాస్తే?"

సర్జన్ రిపోర్టు మడిచి ఆమె చేతికిచ్చాడు. "ఒక్క లైను రాసి సంతకం పెట్టమనండి. మర్నాడే గుచ్చుతాను."

*

ఇంటికొచ్చాక భర్త కుళాయి కింద చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళతో మనకెందుకన్నాడు. వాళ్ళతో పేచీ పెట్టుకుంటే రేపు మందు ఎక్కించేది కూడా వాళ్ళేనన్నాడు. కాటా అక్క పొయ్యి మీద ఎసరు పెట్టింది. మాట్లాడింది మాత్రం కబురు విని వచ్చిన భర్త అక్క. ఆవిడ రెండు వీధుల అవతల ఉంటుంది. బడి బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని చేసి మొన్నీమధ్యే మానేసింది. మరదలితో ఇరవై ఏళ్ళుగా ఉప్పూ నిప్పూ.

"ఏమే, రేపు ఎన్నింటికి వెళ్తున్నావు?" అంది.

"ఎనిమిదింటికి. నువ్వెందుకు వదినా?"

"ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. పూర్తి మొగుడు నోరు విప్పనప్పుడు సగం మొగుడైనా రావద్దూ?"

భర్త తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ లోపలికెళ్ళిపోయాడు.

*

స్కాన్ సెంటరు నేల కింది అంతస్తులో ఉంది. మంగళవారం పొద్దున వాళ్ళు వెళ్ళేసరికి ఆరుగురు కూర్చుని ఉన్నారు. డాక్టరమ్మ రోగులతో మాట్లాడదని, ఏదైనా ఉంటే మీ డాక్టరు ద్వారా రమ్మని కౌంటర్ అమ్మాయి చెప్పింది. మా డాక్టరే పంపాడంటే చీటీ చూపించమంది. చీటీ లేదు. ఆడబిడ్డ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. కాటా అక్క పక్కన కూర్చుంది.

అక్కణ్ణుంచి సూది గది కిటికీ కనిపిస్తుంది. శనివారం నాటి మనిషే ఉన్నాడు. యాభై దాటినవాడు, కళ్ళజోడు మెడలో వేలాడుతోంది. గోడలోని చిన్న తలుపు తీసి, సీసం తొడుగులో ఉన్న సిరంజి పట్టుకుని గబగబా నడుస్తాడు. రేడియేషన్ చిమ్మే ఆ మందు దగ్గర ఎంత తక్కువసేపు ఉంటే అతనికంత మంచిది. సూది వేసి, మనిషిని పక్క గదిలో పడుకోబెట్టి, కదలొద్దని, మాట్లాడొద్దని చెప్పి దీపం తగ్గిస్తాడు. గంట తర్వాత యంత్రంలోకి పంపుతాడు. చేతులు రెండూ తల మీదికి పెట్టిస్తాడు. అతని పనిలో తొందర ఉంది గాని నిర్లక్ష్యం లేదు. ఒక ముసలాయనకి చెప్పులు తనే వంగి విప్పాడు.

కాటా అక్క అతని చేతుల్ని కాదు, కాగితాల్ని చూస్తోంది. కిటికీ దగ్గర బల్ల మీద క్లిప్పు పెట్టిన దొంతర ఉంది. ఒక్కొక్కరికి సూది వేశాక పై కాగితం తీసి, పేరు, టైము రాసి లోపలికిస్తున్నాడు. పేరు, టైము మాత్రమే. అయిదుసార్లు చూసింది. ఆరోసారి లేచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది.

"ఏం కావాలమ్మా?"

"నన్ను గుర్తుపట్టారా? శనివారం వచ్చాను. కుడి చెయ్యి ఉబ్బింది."

అతను ఆమె మొహం చూశాడు. చేతిని చూడలేదు. రోజుకి పధ్నాలుగు మంది వస్తారని, ఎవరని గుర్తుంటారని అన్నాడు. దొంతర ముందుకు లాక్కుని కిటికీ తలుపు జరిపాడు.

ఒంటిగంటకి స్కాన్ డాక్టరమ్మ బయటికొచ్చింది. చేతిలో ఖాళీ కప్పు ఉంది. ఆడబిడ్డ లేచి, ఆవిడ దారికి సరిగ్గా అడ్డంగా నిలబడి ఫ్లాస్కు మూత తీసింది. "టీ పోస్తానమ్మా. అయిదు గంటల్నించి మీకోసమే వేడిగా ఉంచాం" అంది.

డాక్టరమ్మ అందరి ముందూ కసురుకోలేక గదిలోకి రమ్మంది.

కాటా అక్క రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. కుడి మోచేతిలో కమిలిన మచ్చ. ఎడమ మోచేతిలో చుక్క. మీ కాగితంలో ఒక చెయ్యే ఉందని అంది. డాక్టరమ్మ కంప్యూటరులో రిపోర్టు తెరిచింది. ఇలాంటి మచ్చలు రక్తం తీసినప్పుడు కూడా పడతాయంది. రక్తం తీసి పన్నెండు రోజులైందని, ఆ గుర్తు ఎప్పుడో మాసిపోయిందని ఆమె చెప్పింది. డాక్టరమ్మ సూది అతన్ని పిలిచింది. అతను దొంతర చేత్తోనే పట్టుకుని వచ్చాడు.

"శనివారం ఈవిడకి ఏ చేతికి వేశావు?"

"ఎడమ అనే రాసుంది మేడమ్."

డాక్టరమ్మ కాటా అక్క వైపు తిరిగి చేతులు విప్పింది. చెప్పాల్సింది ఇంకేం లేదన్నట్టు. ఆడబిడ్డ నోరు తెరవబోతే కాటా అక్క మోకాలితో తాకి ఆపింది. మందు కారిందా లేదా అని అతన్ని అడగలేదు.

"మీ చేతిలో పైనున్న కాగితం ఎవరిది?" అంది.

అతను కిందికి చూశాడు.

"పేరు లేదు కదా. ఆ మనిషి ఇంకా రాలేదు. ఏ చెయ్యని రాసుంది దానిమీద?"

డాక్టరమ్మ చెయ్యి చాచింది. అతను దొంతర ఇచ్చాడు. ఆవిడ ఒక్కొక్క కాగితం తిప్పింది. పేర్లు లేని కాగితాలు ఎనిమిది. ఎనిమిదింటి మీదా ఎడమ, లేదు, ఎడమ, లేదు. అన్నీ ఒకే సిరా.

"ముందే రాసి పెట్టుకుంటాం మేడమ్" అన్నాడతను. "ఎప్పట్నుంచో అంతే. దాదాపు అందరికీ ఎడమ చేతికే వేస్తాం. చేతిలో సిరంజి ఉండగా రాస్తూ నిలబడలేం కదా."

"ఈవిడకి?"

అతను కళ్ళజోడు తీసి చొక్కాకి తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"ఎడమ నరం దొరకలేదు. కుడికి వేశాను. సగంలో కారింది. మిగతాది మళ్ళీ వెతికి ఎడమకి ఎక్కించాను."

"మరి ఎందుకు రాయలేదు?"

"కాగితం అప్పటికే రాసుంది మేడమ్."

డాక్టరమ్మ తెర వైపు తిరిగి బొమ్మల్ని పైకి జరిపింది. నడుము, ఛాతీ, కుడి చంకలో తెల్లటి చుక్క, భుజం, తల. చేతులు తల మీదికి ఉన్నాయి కాబట్టి మోచేతులు బొమ్మ పై అంచు దాటిపోయాయి. ఆవిడ చిట్టచివరి బొమ్మ దాకా వెళ్ళింది. కుడి చెయ్యి తెగిపోయిన అంచున సన్నగా ఒక వెలుగు కనిపించింది. గోటితో గీసినంత. ఆవిడ దాన్ని పెద్దది చేసి చూసింది. తర్వాత కాటా అక్కకి చెప్పింది. చర్మం కింద కారిన మందును చేతిలోని సన్న కాలవలు చంకలో మొదటి బిళ్ళకి మోసుకుపోతాయి. బిళ్ళ వెలుగుతున్నది ఆ మందు వల్ల కావచ్చు. కేన్సర్ వల్లా కావచ్చు. బొమ్మ రెండింటినీ ఒకేలా చూపిస్తుంది.

"ముక్క తీస్తేనే తెలుస్తుంది. లేదని మాత్రం నేను మాటివ్వలేను."

"మాట వద్దు మేడమ్. ఒక్క లైను రాయండి."

ఆవిడ రాసింది. మెట్లెక్కుతూ ఆడబిడ్డ ఫ్లాస్కు ఊపి చూసింది. ఆవిడ టీ తాగనే లేదే, నష్టమంతా మనకే అంది.

*

సర్జన్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. బుధవారం మధ్యాహ్నం ఆమెను కుడి చెయ్యి తలకింద పెట్టి పడుకోబెట్టారు. చంకలో చల్లటి జెల్లీ రాసి అల్ట్రాసౌండ్ కొన తిప్పారు. తెర మీద బిళ్ళ చిక్కుడుగింజలా కనిపించింది. మత్తు సూది వేశారు. తర్వాతది లావు సూది. దాని వెనక స్ప్రింగు ఉంది. వదిలినప్పుడల్లా స్టేప్లరు కొట్టినట్టు చప్పుడైంది. మూడుసార్లు కొట్టారు. తెల్లటి దారప్పోగుల్లాంటి మూడు ముక్కలు సీసాలోని నీళ్ళలో మునిగాయి. నర్సు సీసా మీద పేరు రాసేదాకా ఆమె తల తిప్పి చూస్తూనే ఉంది. నర్సు తనంతట తనే సీసా ఆమె కళ్ళ ముందు పెట్టి, "కుడి చంక అని రాశాను, చదువుకోండి" అంది. ఆమె చదివింది.

ఫలితం శుక్రవారం. మధ్యలో గురువారం ఒకటుంది. ఆపరేషన్ జరగాల్సిన రోజు. ఆమె ఆ రోజు పనిలోకి వెళ్ళింది. కుడి చెయ్యి భుజం దాకా లేవకపోవడంతో చీటీలు ఎడమ చేత్తో రాసింది. అంకెలు బడిపిల్లల అంకెల్లా వచ్చాయి. లారీల వాళ్ళు చూసి ఏం అనలేదు. అయిదో బండి వాడు మాత్రం, చీటీ తనే రాసుకుంటానని, అంకె చెబితే చాలని అన్నాడు. దెబ్బలు తింటావన్నది ఆమె.

మధ్యాహ్నం భర్త వచ్చాడు. లేత్ షెడ్డు నుంచి ఇంతవరకు ఎప్పుడూ అలా రాలేదు. అన్నం గిన్నె బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రెండు బళ్ళు వెళ్ళేదాకా ఆగాడు.

"ఒకవేళ అందులో ఉందంటే?" అన్నాడు.

"ఉందంటే ఉంది. సోమవారం పోయి మందెక్కించుకుంటా. నువ్వే తీసుకెళ్ళు."

అతను తలూపాడు.

"కానీ లేనిదాన్ని ఉందని మొయ్యను" అంది. "చావైనా సరే, నాదై ఉండాలి. ఇంకెవరి కాగితంలోదో కాదు."

అతను గిన్నె మూత తీసి ముందుకు జరిపాడు. ఆమె ఎడమ చేత్తో తినలేక చెంచా వెతుక్కుంటుంటే, అతను చేతులు కడుక్కుని వచ్చి ముద్ద కలిపి ఇచ్చాడు. బయట లారీ హారను కొట్టింది. అతను కిటికీలోంచి తల బయట పెట్టి, తింటోంది, ఆగమన్నాడు. గొంతు పెద్దదిగానే వచ్చింది.

శుక్రవారం సర్జన్ కవరు వాళ్ళ ముందే చించాడు. ఒకసారి చదివి, మొదటినుంచి మళ్ళీ చదివాడు. మూడు ముక్కల్లోనూ కేన్సర్ కణాలు లేవన్నాడు. వచ్చే మంగళవారం పొద్దున మొదటి ఆపరేషన్ ఆమెదేనన్నాడు. భర్త కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆడబిడ్డ ముక్కు చీదింది.

"మీరు అడిగి ఉండకపోతే..." అని సర్జన్ ఆగిపోయాడు.

"శనివారం ఆ గదిలో నాతోపాటు ఎవరెవరో ఉన్నారు సార్" అంది కాటా అక్క. "వాళ్ళ కాగితాల్లో కూడా ఎడమే ఉంటుంది."

*

సోమవారం ఆమెను వార్డులో చేర్చుకున్నారు. సాయంత్రం నాలుగింటికి స్కాన్ డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చింది. ఇలా వార్డుకి రావడం ఆవిడకి అలవాటు లేదని, మంచాల నంబర్లు వెతుక్కుంటూ వచ్చిన తీరులోనే తెలిసింది. చేతిలో కవరు ఉంది. కొత్త రిపోర్టు తెచ్చానంది. పాతది ఇచ్చేస్తే తీసుకుపోతానంది.

కాటా అక్క కొత్త రిపోర్టు తీసి చదివింది. చంక మాట లేదు. వెలుగు మాట లేదు. రెండో పేజీ తిప్పింది. సూది వేసిన చెయ్యి, ఎడమ. కారిందా, లేదు.

"ఇది కూడా తప్పే మేడమ్."

డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుంది. ఆపరేషన్‌కి ఇది చాలునంది. చెయ్యి మాట మారిస్తే అది ఎందుకు మారిందని పైవాళ్ళు అడుగుతారంది. పాత కాగితం దాచుకుంటే మీకొచ్చే లాభమేమీ లేదంది.

"నాకు లేదు" అంది కాటా అక్క.

తలగడ కింది నుంచి పాత రిపోర్టు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇవ్వలేదు.

"దీన్ని చింపొద్దు. తప్పున్నచోట గీత కొట్టి, పక్కన జరిగింది రాయండి. కుడి చేతికి వేశాం, కారింది, ముందే రాసి పెట్టుకున్నాం కాబట్టి తెలియలేదు, అని. తేదీ వేసి సంతకం పెట్టండి. ఒకటి నాకు, ఒకటి మీ పైవాళ్ళకి."

"అతని ఉద్యోగం పోతుంది. అది మీకిష్టమేనా?"

ఆడబిడ్డ కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతోంది. చెయ్యి ఆపింది. కాటా అక్క ఒళ్ళోని కాగితాన్ని సర్దుకుంది.

"అతను మీ ముందు నిజం చెప్పాడు. చెప్పకపోతే రేపు నాకు ఆపరేషన్ లేదు. నిజం చెప్పినందుకు ఉద్యోగం పోతే ఇంకోసారి ఎవరూ చెప్పరు. అతని పేరు రాయమని నేననలేదు మేడమ్. చెయ్యి రాయమన్నాను."

"రాయకపోతే?"

"పొద్దున స్ట్రెచరు వచ్చేదాకా ఇలాగే కూర్చుంటా. ఆ తర్వాత ఈవిడ కూర్చుంటుంది" అంది, ఆడబిడ్డని చూపించి. "ఈవిడ నాకంటే మొండిది."

"ఇరవై ఏళ్ళకి ఒక మంచిమాట అన్నావే" అంది ఆడబిడ్డ.

డాక్టరమ్మ నవ్వలేదు. పెన్ను తీసింది. మంచం పక్క చిన్న బల్ల మీద పాత రిపోర్టు పరిచి, రెండో పేజీలో ఆ రెండు మాటల మీద గీత కొట్టింది. కింది అక్షరాలు కనపడేలాగే కొట్టింది. పక్క ఖాళీలో రాయడం మొదలుపెట్టి, చోటు చాలక వెనక్కి తిప్పి రాసింది. నాలుగు లైన్లు. సంతకం, తేదీ, టైము. కొత్త రిపోర్టులోనూ చెయ్యి మార్చి రాసింది. కాటా అక్క రెండూ చదివింది. చదువుతున్నంతసేపూ ఆవిడ కూర్చునే ఉంది.

"ఇంకేమైనా ఉందా?"

"రేపు పొద్దున వచ్చేవాళ్ళ కాగితాలు రాసేశారా మేడమ్?"

డాక్టరమ్మ పెన్ను జేబులో పెట్టుకుని ఫోను తీసింది. సూది గదికి చేసింది.

"రేపటివి రాసి పెట్టావా?" అంది. విన్నది. "అన్నీ చింపెయ్యి. ఖాళీవి పెట్టు. మనిషి వచ్చాక, సూది వేశాక, అప్పుడు రాయి."

అటునుంచి అతను ఏదో అడిగాడు. ఆవిడ మంచం వైపు చూసింది.

"ఆలస్యమైతే అవనీ" అంది.